ఆకాశపుటంగళ్లు

మదనపల్లెనుండి కదిరికి పోవు బాటమీద అంగళ్లు అను గ్రామము కలదు. పేరును బట్టి చూడ నది అంగడుల యూరు. ఆ ప్రాంతపు రైతు చేతికి రొక్కము తెచ్చు పంట టమోటా. ఈ దినము మదనపల్లె మార్కెట్టులో పెట్టె యేమి ధర పలికినది, చెన్నపట్టణమునుండియు బెంగుళూరునుండియు కొనుగోలుదారులు వచ్చిరా లేదా యను సమాచారము పూర్వము నోటిమాటగా వచ్చెడిది. ఇప్పుడు చేతిలోని ఫోనులోను, ఇంటిలోని టీవీలోను వచ్చుచున్నది. సరకును వేలమునకు పెట్టు మండీ యజమానిని రైతెరుగును. ఆయన తండ్రిని సయిత మెరుగును. లెక్కలో తేడా వచ్చినచో ఎవరి గుమ్మమునకు పోయి యడుగవలెనో యెరుగును. కాని యా ధరను మోసికొనివచ్చిన తరంగము ఎవరి యధీనమున నున్నది, ఆ వార్త చెప్పిన తెర యెవరి సొత్తు, నిన్న ఎవరిది, రేపు ఎవరిది కాబోవుచున్నది అను సంగతి యతడెరుగడు. అతడే యన నేల? ఈ పంక్తులు చదువు వకీళ్లలోను, భూస్వాములలోను ఎరిగినవారు నూటికి పదిమంది యుండిరేని మేము ఆశ్చర్యపడుదుము.

ఈ ప్రశ్నను ఇప్పుడు లేవదీయుటకు కారణము కలదు. 2025 జూనులో కేంద్ర టెలికం శాఖవారు అమెరికాకు చెందిన స్టార్‌లింకు సంస్థకు ఉపగ్రహములద్వారా ఇంటర్నెట్టు నందించుటకు లైసెన్సు నొసంగిరి. అంతకుముందే భారతీవారికి సంబంధించిన యూటెల్‌శాట్ వన్‌వెబ్బును, జియోవారి సంస్థయు అట్టి లైసెన్సులు పొందియుండెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము ఉపగ్రహ తరంగములను వేలము వేయకయే ప్రభుత్వము కేటాయించుటకు వీలు కల్పించినది. 2025 మే నెలలో టెలికం నియంత్రణ సంస్థవారు కంపెనీల ఆదాయమున నూటికి 4 వంతులు రుసుముగా గైకొనవలసినదని సిఫారసు చేసిరి. వేలమా, కేటాయింపా యను వాదము ఢిల్లీలో మిక్కిలి నడచినది. అది ధరను గూర్చిన వాదము గనుక ధనవంతులు దానిని జాగరూకతతోనే నడపిరి. యజమాని యెవడను వాదము మాత్రము అంతగా వినబడలేదు.

మేము ఉపగ్రహమునకు విరోధులము కాము. హార్స్‌లీ కొండల చుట్టును, కుప్పము సరిహద్దు అడవుల యంచునను ఫోను సిగ్నలు అందని పల్లెలకు ఆకాశమునుండి వచ్చు మార్గము వరప్రసాదమే. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిపిన ఉపగ్రహము భూమితో సమానవేగమున తిరుగును గావున మనకు కదలనట్లే తోచును. మన యిండ్లపై పళ్లెము ఎల్లప్పుడును ఒకే దిక్కు చూచుచుండుటకు కారణ మదియే. స్టార్‌లింకువంటివి సుమారు 550 కిలోమీటర్ల యెత్తుననే వేలకొలదిగా తిరుగుచు, ఒకటి మన తలమీదినుండి దాటిపోవు నంతలో మరొకటి వచ్చి యందుకొనును. విధానము లెట్లున్నను రెండింటికిని ఒక లక్షణము సమానము. నేలమీది తీగ తెగినయెడల ఊరిమనిషి స్తంభ మెక్కి యతుకవచ్చును. ఆకాశమార్గము తెగినయెడల దాని సొంతదారుడే యతుకవలయును; అతడు అతుకనన్న మనము చేయగలది లేదు.

తెలుగు పల్లెలకు ఈ యనుభవము లేకపోలేదు. 1975 ఆగస్టు 1వ తేదీన ఉపగ్రహ బోధనా ప్రయోగ మను పేరుతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టీవీ ప్రసారము లారంభమయ్యెను. అందు ఆంధ్రప్రదేశమును ఒకటి. వ్యవసాయమును, ఆరోగ్యమును గూర్చిన పాఠములను పల్లెవారు తెలుగున చూచిరి. పట్టణపు శ్రీమంతుల యింట లేని వింత పల్లె రచ్చబండకు ముందు వచ్చుట మన దేశ చరిత్రలో అరుదైన విషయము. కాని యా ఉపగ్రహము అమెరికావారిది. ఏడాదికి ఎరువు తెచ్చుకొన్నది. 1976 జులై 31వ తేదీతో గడువు తీరగానే వారు దానిని మరల తీసికొనిరి. ఆ పిమ్మట కొన్ని గ్రామములకు నేలమీది ప్రసార కేంద్రముల యాశ్రయము దొరకెను, తక్కినవాటికి దొరకలేదు. ఎరువు వస్తువునకు కలిగెడి గతి యిదే. ఆ పాఠము మన శాస్త్రజ్ఞుల మనసున నాటినందుననే 1981లో ఆపిల్, 1983లో ఇన్‌సాట్-1బి మొదలుగా మనవని చెప్పుకొనదగిన ఉపగ్రహము లేర్పడినవి.

ఇక ఆకాశమునుండి అచ్చుయంత్రమునకు వత్తము. తెలుగు పత్రికాసంస్థల చరిత్ర తెలిసినవారికి మేము చెప్పబోవు విషయము సులభముగా బోధపడును. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజన వ్యాపారము నెలకొల్పి, ఆ లాభముతో 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914 ఏప్రిల్ 1వ తేదీన అది చెన్నపురిలో దినపత్రిక యయ్యెను. దాని మూలధనము ఎక్కడనుండి వచ్చుచున్నదో చిన్నపిల్లవాడును చెప్పగలిగెడివాడు. తలనొప్పి వచ్చిన ప్రతివాడును ఆంధ్రపత్రికకు చందాదారుడే యన్నమాట! బందరున 1902లో పుట్టిన కృష్ణాపత్రిక దేశభక్తుల చేతులమీద పెరిగినది. ముట్నూరి కృష్ణారావుగారు బ్రతికినంతకాలము దానికి వేరే చిరునామా యక్కరలేకపోయెను. సహాయ నిరాకరణ దినములలో ప్రకాశం పంతులుగారు స్వరాజ్య పత్రికపై తమ సంపాదన నంతయు ధారపోసిన సంగతి జగద్విదితము. నిజాం రాజ్యమున 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక నెత్తుకొన్నప్పుడును అంతే: పత్రికయు మనిషియు ఒక్కటే. 1938లో రామనాథ గోయెంకాగారి ఆంధ్రప్రభతో బహుపత్రికల యాజమాన్యము తెలుగునకు వచ్చినది. అప్పటికిని యజమాని పేరు రహస్యము కాదు.

ఆ యుగమును స్వర్ణయుగమని పొగడుట మా యుద్దేశము కాదు. నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ఆంధ్రపత్రిక 1991లో మూతపడెను; అమృతాంజనము నేటికిని అంగడులలో దొరకుచున్నది. దేశసేవకన్న తలనొప్పికే గిరాకి స్థిరమని పరిహసించువారు పరిహసింతురు గాక. 1960లో విజయవాడలో పుట్టిన ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి, 2002లో వేరు యాజమాన్యము క్రింద మరల వెలువడెను. 1974 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణమున రామోజీరావుగారు ఈనాడును స్థాపించి, జిల్లా సంచికలద్వారా పల్లె వార్తను అచ్చెక్కించి తెలుగు పత్రికావ్యాపార స్వరూపమునే మార్చివైచిరి. పత్రికలు చేతులు మారుట, మూతపడుట, పుట్టుట లోకసహజము. పాఠకునకు తెలిసి మారుచున్నవా, తెలియక మారుచున్నవా యన్నదే మా ప్రశ్న.

1995వ సంవత్సరము ఈ కథలో మలుపు. ఆ యేటి ఫిబ్రవరి 9వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమువారు తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పిరి. క్రికెట్టు పందెముల ప్రసారమును గూర్చి వంగదేశపు క్రికెట్టు సంఘమునకును కేంద్రప్రభుత్వమునకును నడచిన వ్యాజ్యమున ఇంతటి ధర్మసూక్ష్మము తేలుట చిత్రమే. ఆ యేడే జెమిని టీవీయు, ఆగస్టు 27వ తేదీన ఈటీవీయు తెలుగు ఉపగ్రహ ప్రసారము లారంభించినవి. ప్రజల సొత్తు మీద ప్రైవేటు వ్యాపార మారంభమైనది. వ్యాపారము తప్పు కాదు. ప్రజల పొలము కౌలునకిచ్చినప్పుడు కౌలుదారుని పేరు గ్రామమునకు తెలియవలెను గదా! అది తెలియలేదు.

జెమిని చెన్నపట్టణపు సన్ సంస్థలో కలసిపోయెను. ఈటీవీ తెలుగు చానళ్లలో నూటికి 24.5 వంతులు 2014 జనవరినాటికి టీవీ18 అను బొంబాయి కంపెనీకి చేరెను. ఆ కంపెనీని నడపు సమూహము అదే యేడు, ఒక ట్రస్టుద్వారా, రిలయన్సువారి యధీనమునకు వచ్చెను. అన్నిటికంటె విశేషమైనది మా టీవీ కథ. హైదరాబాదున తెలుగువారు పెంచిన ఆ చానలును 2015లో స్టార్ ఇండియావారు కొనిరి. స్టార్ అప్పుడు మర్డోకు కుటుంబపు ఫాక్సు సంస్థది. 2019లో ఫాక్సు ఆస్తులను అమెరికాలోని డిస్నీ కొనగా మా టీవీయు దానితోపాటు డిస్నీ పాలబడెను. 2024 నవంబరు 14వ తేదీన స్టార్ వ్యాపారము రిలయన్సువారి సంస్థతో కలసి జియోస్టార్ అను పేర నొక కంపెనీ యయ్యెను. అందు డిస్నీకి 36.84 వంతులు మిగిలెను. పది సంవత్సరములు తిరుగక మునుపే ఒక తెలుగు చానలు ఇన్ని చేతులు మారినది! పుంగనూరులో సాయంకాలము అన్నము తినుచు దానిని చూచుచున్న గృహిణికి ఒక్కమారైనను ఎవరైనను చెప్పిరా? ఇంటి పాలవాడు మారినచో వాకిట నిలచి నేను ఫలానావాడనని చెప్పును.

ఉపగ్రహ కంపెనీల చరిత్రయు ఇట్టిదే; మొత్తము మాత్రము కోట్లలో గాక వేలకోట్లలో నుండును. 1964లో లోకమునందలి రాజ్యములు కలసి ఇంటెల్‌శాట్ అను సహకార సంఘము నేర్పరచుకొనెను. ఖండాంతర వార్తలకును టెలిఫోనులకును అది ఉమ్మడి బావివంటిది. భారతదేశమును అందు సభ్యురాలే. 2001లో దానిని ప్రైవేటు కంపెనీగా మార్చిరి. తదుపరి యజమానులు మారిరి, అప్పులు పెరిగెను. 2020లో దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను. 2025 జులైలో లక్సెంబర్గునకు చెందిన ఎస్‌ఈఎస్ అను కంపెనీ దానిని కొనివైచెను. లోకులందరి బావి యొకరి పెరటిలోనికి పోయినది.

వన్‌వెబ్బు వృత్తాంతము మనకు మరింత సన్నిహితము. 2012లో పుట్టిన యీ సంస్థ 2020 మార్చిలో దివాలా తీసెను. అదే యేడు బ్రిటీషు ప్రభుత్వమును, సునీల్ మిట్టల్‌గారి భారతీ సంస్థయు కలసి దానిని నిలబెట్టిరి. 2022లో ఉక్రెయిను యుద్ధము రాగా రష్యావారు దాని ఉపగ్రహములను ఎగురవేయ నిరాకరించిరి. అప్పుడు దిక్కైనది మన శ్రీహరికోట! 2022 అక్టోబరు 23న 36 ఉపగ్రహములను, 2023 మార్చి 26న మరి 36 ఉపగ్రహములను మన రాకెట్టు మోసికొనిపోయెను. యానాదుల దీవినుండి వెడలిన మంటతో సీమ కంపెనీ గట్టెక్కినది. 2023 సెప్టెంబరులో అది ఫ్రాన్సువారి యూటెల్‌శాట్‌లో విలీనమయ్యెను. మన తీరమునుండి ఎగిరినది గనుక మనదని భ్రమించుటకు వీలున్నది. వాటాల లెక్క చూచినవారికి మాత్రము నిజము తెలియును.

యజమాని యెవడైన నేమి, పని జరిగిన చాలును గదా యని కొంద రందురు. ఈ మాటకు సమాధానము మా వద్ద రెండు కలవు. మొదటిది ఉక్రెయినుది. క్రిమియా తీరమున సేవ నందింపుమని తన కత్యవసరమైన కోరిక రాగా తాను అంగీకరింపలేదని స్టార్‌లింకు అధిపతి ఇలాన్ మస్కు 2023 సెప్టెంబరులో స్వయముగా చెప్పెను. ఆ నిర్ణయము మంచిదో చెడ్డదో అది యుద్ధనీతి తెలిసినవారు తేల్చుకొందురు గాక. ఒక దేశపు సైన్యము ముందడుగు వేయుటకు, మానుటకు ఒక వర్తకుని చిత్తము కారణమగుట మేము గమనించుచున్న విషయము.

రెండవది మన యింటిదే. 2014 జూనులో తెలంగాణమున రెండు తెలుగు వార్తా చానళ్లు కేబులు తీగలలో నిలిచిపోయెను. 2024 జూనులో ఆంధ్రప్రదేశమున నాలుగు వార్తా చానళ్లకు అదే గతి పట్టెను. ఎవరి పక్షము న్యాయమో యిచట విచారింపము. రెండు సందర్భములలోను పక్షములు తారుమారయ్యెనని మాత్రము పాఠకులు గుర్తింతురు గాక. మూసినవా డెవడో, ఎవని మాటమీద మూసెనో చూచువానికి తెలియలేదు. దీనితో 1916ను పోల్చి చూడుడు. మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీ బిసెంటమ్మగారు చెన్నపట్టణమున న్యూ ఇండియా పత్రికను నడపుచుండగా ఆంగ్లేయ ప్రభుత్వము 2,000 రూపాయల ధరావతు కోరి, దానిని జప్తు చేసి, మరల 10,000 కోరెను. అది యన్యాయమే. కాని యది కాగితముమీద సంతకముతో వచ్చిన యన్యాయము. దానిపై న్యాయస్థానమునకు పోవ వీలుండెను, సభలు జరుపుటకు వీలుండెను. తీగ పెరికినవానికి సంతకముతో పని లేదు.

కుప్పమువారికి కంపెనీల రాకపోకలు ప్రత్యక్షానుభవము. 2002లో అమెరికాలోని హ్యూలెట్-ప్యాకర్డు కంపెనీ రాష్ట్ర ప్రభుత్వముతో కలసి కుప్పము ప్రాంతమున ఐ-కమ్యూనిటీ యను ప్రణాళికను మూడేండ్ల గడువుతో ఆరంభించెను. పల్లెలలో సమాచార కేంద్రములు తెరచిరి. పొదుపు సంఘముల స్త్రీలకు సూర్యశక్తితో పనిచేయు కెమెరాలను, ముద్రణయంత్రములను ఇచ్చి, ఫోటోలు తీసి సంపాదించుకొనుటకు నేర్పిరి. అందలి సదుద్దేశమును మేము శంకింపము. ఐనను ఆ మూడేండ్లలో కుప్పమునకు వేల మైళ్ల దూరమున ఏమి జరిగెనో చూడుడు. 2002లోనే ఆ కంపెనీ కాంపాక్ అను మరొక పెద్ద కంపెనీతో కలసెను. 2005 ఫిబ్రవరిలో దాని అధినేత్రి పదవినుండి తొలగింపబడెను. 2015లో ఆ కంపెనీయే రెండుగా చీలెను. కాలిఫోర్నియాలోని ఒక సభామందిరమున షేర్ల ధరపై వచ్చు తగవులకు ద్రావిడ విశ్వవిద్యాలయపు ఊరికిని సంబంధమున్నదని కుప్పమువారు ఎరిగియుండిన, గడువు తీరక మునుపే తమ పట్టును తాము బిగించుకొని యుందురు.

మా కోరిక యేమనగా: అచ్చుపత్రికకు ఏ నియమ మున్నదో ఆకాశపత్రికకును అదియే యుండవలెను. 1867లో ఆంగ్లేయులు చేసిన చట్టము ప్రతి పత్రికపై ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు అచ్చువేయ నిర్బంధించెను. వారి యుద్దేశము ఎవరిని చెరసాలకు పంపవలెనో తెలిసికొనుట. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని పట్టుకొనుటకు వారికి వెదుకులాట యక్కరలేకపోయెను. కాని విషవృక్షమున అమృతఫలము కాచినట్లు ఆ నియమము పాఠకునకు ఉపకరించెను. స్వతంత్ర భారతము 1956 నాటి నిబంధనలలో దానిని మరింత విస్తరించినది: ఫిబ్రవరి ముగిసిన పిమ్మట వెలువడు మొదటి సంచికలో పత్రిక సొంతదారులెవరో, మూలధనమున నూటికి 1 వంతు మించిన వాటాదారులెవరో నాలుగవ ఫారమను పేర ప్రకటింపవలెను. 1867 చట్టము 2024 మార్చి 1వ తేదీతో రద్దై కొత్త చట్టము వచ్చినది. పాతచట్టమునందలి బంధనములు పోవలసినవే. ఆ సొంతదారుల జాబితా మాత్రము పోరాదు, పెరుగవలెను.

టీవీ చానళ్ల వాటాల వివరములు ఢిల్లీలోని సమాచార శాఖకు సమర్పింపబడుచునే యున్నవి గదా, కంపెనీల రిజిస్ట్రారు కచేరిలో రుసుము చెల్లించిన చూపుదురు గదా యని ఉద్యోగులు చెప్పుదురు. నిజమే. ఆంగ్లమున నున్న కాగితము. అందులో ఒక కంపెనీకి మరొక కంపెనీ సొంతదారు, దానికొక ట్రస్టు సొంతదారు. సర్వోన్నత న్యాయస్థానము సొత్తు మాదని చెప్పిన ప్రజలు తమ కౌలుదారుని పేరు తెలిసికొనుటకు రుసుము చెల్లింపవలెనా? ఏ పత్రిక, ఏ చానలు ఏ పక్షమువారిదో మదనపల్లె కాఫీ హోటలులో కూర్చున్నవారెల్ల చెప్పగలరని మరికొంద రందురు. పక్షము వేరు, పెట్టుబడి వేరు. పక్షము మాటలో బయటపడును. పెట్టుబడి మౌనములో దాగియుండును. టమోటా ధర పడిపోయినప్పుడు ఏ వార్త చెప్పిరో మనము చూతుము. ఏ వార్త చెప్పలేదో, ఎవరి ఎరువుల కంపెనీని గూర్చి, ఎవరి చిల్లర దుకాణములను గూర్చి నోరు మెదపలేదో యజమాని పేరు తెలిసినవాడే పోల్చుకొనగలడు.

కావున ప్రతి తెలుగు చానలును, మన ఆకాశమున వ్యాపారము చేయు ప్రతి ఉపగ్రహ ఇంటర్నెట్టు కంపెనీయు, ఏటేట మార్చి మొదటివారమున, ట్రస్టుల తెరలు తొలగించి, తుది సొంతదారుల పేర్లను తెలుగున ప్రకటింపవలెను. చానలైనచో రాత్రి వార్తలకు ముందు తెరపై చూపవలెను. ఇంటర్నెట్టు కంపెనీ యైనచో చందాదారుని బిల్లుపై అచ్చువేయవలెను. యాజమాన్యము మారినచో ముప్పది దినములలో అట్లే తెలుపవలెను. సేవ నిలిపినచో ఎవరి ఆజ్ఞమీద నిలిపిరో వ్రాతమూలకముగా చెప్పవలెను. దీనికై మదనపల్లె, పుంగనూరు, కుప్పము పురపాలక సంఘములును, మార్కెట్టు కమిటీలును, వకీళ్ల సంఘములును తీర్మానములు చేసి రాజంపేట, చిత్తూరు లోకసభ సభ్యులకు పంపవలెనని కోరుచున్నాము. చట్టము వచ్చువరకు వేచియుండనక్కరలేదు: ఏ చానలైనను, ఏ కంపెనీ యైనను తనంతట తాను అట్టి ప్రకటన పంపినచో మా పత్రిక దానిని రుసుము లేకుండ, మా సొంతదారుల పేర్ల ప్రక్కనే ముద్రించును.